ఉన్నికి నారుమడి తల్లి కడుపే



నారుమడి చెడిపోతే పొలానికి ఎంత ఎరువు వేసినా ఆ లోటు పూర్తిగా తీరదని మీకు తెలుసు. ఉన్నికి కూడా ఒక నారుమడి ఉన్నది. అది తల్లిగొర్రె కడుపు. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు ఎట్లా తెలుసుకొన్నారో ఈ పూట ముచ్చటించుకుందాం.

పూర్వం ఏ దేశంలోనైనా ఉన్ని మంచిచెడ్డలను చేత్తో తడిమి, కంటితో చూసి చెప్పేవారు. ఆస్ట్రేలియాలో మెరినో గొర్రెల ఉన్ని పెద్ద వ్యాపారం. అందుచేత ఉన్ని పుట్టే చోటునే పరీక్షించాలన్న పట్టుదల అక్కడ బలపడింది. హెచ్. బి. కార్టర్ అనే శాస్త్రజ్ఞుడు గొర్రె చర్మాన్ని చిన్న ముక్కగా తీసి, పలుచని పొరలుగా కోసి, రంగు అద్ది, సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. 1943లో ఆయన ప్రకటించిన గ్రంథం ఈ శాస్త్రానికి పునాది అయింది.

ఆ పరిశీలనలో తేలినదేమిటి? వెంట్రుక మొలిచే గుంటను రోమకూపం అంటారు. గొర్రె చర్మంలో ఇవి రెండు రకాలు. మొదటివి పెద్ద కూపాలు. ఒక్కొక్కదానికి చెమట గ్రంథి, జిడ్డు గ్రంథి, చిన్న కండరం ఉంటాయి. ఇవి సాధారణంగా మూడేసి చొప్పున వరుసగా ఉంటాయి. వాటి పక్కన గుంపుగా చేరేవి చిన్న కూపాలు. వీటికి చెమట గ్రంథీ లేదు, కండరమూ లేదు. సన్నని ఉన్ని ఎక్కువగా వచ్చేది వీటినుంచే. మెరినోలో ఒక పెద్ద కూపానికి సుమారు 20 చిన్న కూపాలు ఉంటాయి. ఇంగ్లండు జాతులు అనేకంలో నాలుగైదుకు మించవు. మెరినో ఉన్ని అంత సన్నగా, అంత దట్టంగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే.

మరి ఈ కూపాలు ఎప్పుడు ఏర్పడతాయి? 1956లో మార్గరెట్ హార్డీ, ఎ. జి. లైన్ అనేవారు కడుపులోని మెరినో పిల్లల చర్మాన్ని పరిశీలించి, వివరాలు ప్రకటించారు. గొర్రె చూడి కాలం సుమారు 150 రోజులు గదా! పెద్ద కూపాలు రెండో నెల చివరకే మొదలవుతాయి. చిన్న కూపాలు మూడో నెల చివర మొదలై, తరువాత చెట్టు కొమ్మల వలె చీలి పెరుగుతాయి. పిల్ల పుట్టేనాటికే కూపాల ఏర్పాటు ఇంచుమించు ముగిసిపోతుంది. అయితే చిన్న కూపాలలో చాలావాటినుంచి ఉన్ని మొలిచేది ఈనిన తరువాత కొన్ని వారాలకు, నెలలకు.

కడుపులో ఉన్నప్పుడు మేత తక్కువైతే ఏమవుతుంది? షింకెల్, షార్ట్ అనే ఇద్దరు 1961లో దీనికి జవాబు చెప్పారు. చూడి గొర్రెలకు మేత తగ్గిస్తే పుట్టిన పిల్లలకు కూపాలు తగ్గినవి. పెద్దయ్యాక కూడా ఆ లోటు వాటి ఉన్నిలో కనపడింది. కవలలుగా పుట్టిన పిల్లలకు కూడా ఒంటరి పిల్లలకంటె కూపాలు తక్కువగా ఉంటాయి. ఇద్దరు పంచుకొన్న కడుపు గదా!

1963లో రీస్, షింకెల్ మరొక సంగతి బయటపెట్టారు. ఉన్నిలో గంధకం ఉంటుంది. గంధకం గల మాంసకృత్తు అంశాలను నేరుగా గొర్రె నాలుగో పొట్టలోకి ఎక్కిస్తే ఉన్ని ఎక్కువగా పెరిగింది. మామూలుగా మేపితే మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగగొట్టేస్తాయి.

ఇది మెరినో కథ, మనకెందుకు అంటారా? మన నెల్లూరు గొర్రె ఉన్ని జాతి కాదు. దక్కనీ గొర్రె నల్లని ముతక ఉన్నితో కురుమలు గొంగడి నేస్తారు. ఎంత మేపినా దక్కనీ మెరినో కాదు. కూపాల హద్దును ముందు నిర్ణయించేది జాతి. కాని ఆ జాతి ఇవ్వగలిగినంత ఇస్తుందా లేదా అన్నది మీ చేతిలోనే ఉన్నది. ఉన్ని లేని జాతిలో కూడా, బక్కచిక్కిన తల్లికి పిల్ల బలహీనంగా పుడుతుంది, పాలూ చాలవు, పిల్ల దక్కడం కష్టం.

కాబట్టి చూడి చివరి నెలన్నర ముఖ్యం. బీళ్లు ఎండిన రోజుల్లో చూడి గొర్రెలను మందనుంచి వేరుచేయండి. తుమ్మకాయలు, తవుడు, వేరుశనగ చెక్క వంటివి కలిపి రోజుకు ఒక్కొక్కదానికి పావుకిలో దాణా పెట్టండి. కవలలు ఉన్న తల్లిని మరింత కనిపెట్టి చూడండి. విస్తరణ పనివారు మందల దగ్గరకు వెళ్లినప్పుడు పొట్టేలు ఎట్లా ఉన్నదని అడగటంతో ఆగకుండా, చూడి గొర్రెలు ఏం తింటున్నవని కూడా అడగాలి.

పుట్టిన తరువాత కొత్త రోమకూపాన్ని నాటగల మందు బజారులో దొరకదు. ఆ నాటు వేసే రోజులు తల్లి కడుపులోనే గడిచిపోతాయి.