మారుమనువు వేళ వృత్తి, పట్టాల నిర్ధారణ: సరిహద్దు కుటుంబాలకు ఒక కరదీపిక

తల్లి గాని తండ్రి గాని ఒంటరితనానంతరం మరొక తోడును ఎంచుకొన్నప్పుడు, ఆ వచ్చే వ్యక్తి తాను వైద్యుడననీ, న్యాయవాదిననీ, విశ్రాంత అధికారిననీ చెప్పుకొన్న మాటపై సంతానానికి అనుమానం కలగడం అరుదైన విషయం కాదు. ఆ అనుమానం న్యాయమైనదా, కేవలం అసూయాజనితమైనదా అని తేల్చుకొనే మార్గాలు చట్టబద్ధంగానే ఉన్నాయి. వాటిలో చాలావరకు ఖర్చు లేనివి. వివిధ వృత్తుల వారి వివరాలు ఎక్కడ లభిస్తాయో, వాటిని ఎలా చదవాలో, నిజం తేలిన పిమ్మట ఏమి చేయవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

"వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయాలి" అన్న సామెత తెలుగునాట ప్రతి ఇంటా వినిపించేదే. అయితే పెళ్లి చేయించినవారు వెళ్లిపోతారు. అబద్ధం మాత్రం ఆ ఇంటనే మిగిలిపోతుంది. అట్లని పునర్వివాహాన్నే శంకించడమూ తగదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన నాటి నుంచి తెలుగు సమాజం ఈ విషయంలో చాలా దూరం ప్రయాణించింది. విచారించవలసింది ఆ వ్యక్తి చెప్పిన వివరాలను మాత్రమే. తోడు కోరుకొన్న తల్లిదండ్రుల హక్కు విచారణకు వచ్చే అంశం కాదు.

సరిహద్దు ప్రాంతపు ప్రత్యేక చిక్కులు

బళ్లారి, కోలారు, హొసూరు, బరంపురం, రాయగడ, సిరొంచ, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సంబంధాలు తరచుగా రాష్ట్రపు ఎల్ల దాటి వస్తాయి. వృత్తుల నమోదు పట్టికలు మాత్రం రాష్ట్రాలవారీగా ఉంటాయి. అందుచేత ఒకచోట పేరు కనబడకపోతే వెంటనే "మోసం" అనుకోరాదు. ఆ వ్యక్తి మరొక రాష్ట్రంలో నమోదై ఉండవచ్చు.

పేరు రాసే పద్ధతి మరొక చిక్కు. ఆంధ్ర, తెలంగాణలలో ఇంటిపేరు మొదటి అక్షరం ముందు వస్తుంది. తమిళనాడులో సాధారణంగా తండ్రి పేరులోని తొలి అక్షరాన్ని ముందు రాస్తారు. మహారాష్ట్రలో తండ్రి పేరు మధ్యలో, ఇంటిపేరు చివర ఉంటాయి. ఒకే మనిషి మూడు పత్రాలలో మూడు విధాలుగా కనబడవచ్చు. కనుక పేరు ఒక్కదానితో వెదకడం కంటె నమోదు సంఖ్య, తండ్రి పేరు, నమోదైన సంవత్సరం, చదివిన విశ్వవిద్యాలయం అనే నాలుగింటినీ కలిపి చూడడం మేలు.

మాటల వెనుక అర్థం

అబద్ధమని తలచినదంతా అబద్ధం కాకపోవచ్చు. వాడుకలో కొన్ని పదాలకు అసలు అర్థం సడలిపోయింది.

"ఆర్.ఎం.పి." అనే మూడక్షరాలకు మూలార్థం నమోదైన వైద్యుడు అని. తెలుగు పల్లెలలో మాత్రం ఆ మాట నమోదు లేని గ్రామీణ వైద్యునికే స్థిరపడింది. "డాక్టరు" అన్న బిరుదు పరిశోధన పట్టా పొందినవారికీ, గౌరవ డాక్టరేటు పొందినవారికీ కూడా వాడతారు. దక్షిణాదిన "ఆడిటరు" అంటే పన్ను లెక్కలు చూసే ఎవరినైనా అనడం కద్దు. వారందరూ చార్టర్డ్ అకౌంటెంట్లు కారు. "కోర్టులో పని" అన్న మాట న్యాయవాదికీ, ప్లీడరు గుమాస్తాకూ కూడా చెల్లుతుంది. "ఇంజనీరు" అన్నవారు డిప్లొమా చదివి పనులను పర్యవేక్షించినవారూ కావచ్చు.

కాబట్టి తొలి ప్రశ్న "ఏ పట్టా? ఎక్కడ నమోదు? సంఖ్య ఎంత?" అన్నదిగా ఉండాలి. నిజమైన వృత్తినిపుణునికి ఈ ప్రశ్న అవమానం కాదు. తన నమోదు సంఖ్య అతనికి కొత్తదీ కాదు, రహస్యమూ కాదు.

వైద్యులు

1956 నాటి చట్టం కింద పనిచేసిన భారత వైద్య మండలి స్థానంలో 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ ఏర్పడింది. అల్లోపతి వైద్యుల వివరాలు కమిషన్ వెబ్‌సైటులోని భారత వైద్య పట్టికలో ఉంటాయి. పేరుతో గాని, నమోదు సంఖ్యతో గాని, రాష్ట్ర మండలిని బట్టి గాని ఎవరైనా వెదకవచ్చు. కేంద్ర పట్టికలో పేరు లేకుంటే సంబంధిత రాష్ట్ర వైద్య మండలికి వ్రాసి అడగాలి. 2014 జూన్ 2కు పూర్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనవారి విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండళ్లు రెండింటిలోనూ విచారించడం ఉచితం.

2002 నాటి వృత్తి ప్రవర్తన నియమాల ప్రకారం వైద్యుడు తన నమోదు సంఖ్యను వైద్యశాలలోను, మందుల చీటీలపైన, ధ్రువపత్రాలపైన, రశీదులపైన చూపాలి. విదేశంలో వైద్యవిద్య చదివిన భారతీయులకు 2002 నుంచి అర్హత పరీక్ష విధించారు. కనుక "విదేశంలో చదివాను, ఇక్కడ నమోదు అక్కరలేదు" అన్న మాట చెల్లదు. నమోదు లేకుండా వైద్యం చేసినవారికి 2019 నాటి చట్టం 34వ సెక్షను కింద ఏడాది వరకు కారాగారం, లేదా 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

దంతవైద్యులు, ఆయుర్వేద, హోమియో వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు వేరు వేరు మండళ్లలో నమోదవుతారు. వారిని అల్లోపతి పట్టికలో వెదకి లేరనడం పొరపాటు.

ఇంట్లో తక్షణ ప్రమాదం ఉండేది ఈ వృత్తి విషయంలోనే. కొత్తగా వచ్చిన వ్యక్తి తానే వైద్యుడనని చెప్పి తల్లికో తండ్రికో రక్తపోటు, మధుమేహం మందులు మార్చుతున్నట్లయితే, నిజం తేలేవరకు ఆగనక్కరలేదు. పాత చీటీలతో మరొక వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లడం మొదటి పని.

న్యాయవాదులు

న్యాయవాదుల చట్టం, 1961 ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ పట్టికలో నమోదైనవారే న్యాయవాదులు. యానాం వారికి ఇది తమిళనాడు, పుదుచ్చేరి బార్ కౌన్సిల్. సిరొంచ, చంద్రాపూర్ వారికి మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్. నమోదు సంఖ్యలో సాధారణంగా రాష్ట్ర సంకేతం, వరుస సంఖ్య, సంవత్సరం ఉంటాయి. అనుమానం ఉన్నప్పుడు ఆ సంఖ్యను తెలిపి కౌన్సిల్ కార్యాలయంలోను, ఆ వ్యక్తి వాదిస్తున్నానన్న ఊరి న్యాయవాదుల సంఘంలోను విచారించవచ్చు. ప్రభుత్వోద్యోగంలో చేరి వృత్తిని నిలిపివేసినవారి పేరు చురుకైన జాబితాలో ఉండకపోవచ్చు. అర్హత లేకుండా కోర్టులో వృత్తి సాగించినవారికి అదే చట్టం 45వ సెక్షను ఆరు నెలల వరకు శిక్ష నిర్దేశిస్తున్నది.

లెక్కలు, కట్టడాలు, పట్టాలు

చార్టర్డ్ అకౌంటెంట్లు 1949 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థలో సభ్యులు. ప్రతి సభ్యునికి సభ్యత్వ సంఖ్య ఉంటుంది. 2019 ఫిబ్రవరి 1 నుంచి వారు జారీచేసే ధ్రువపత్రాలపై 18 అంకెల, అక్షరాల విశిష్ట సంఖ్య తప్పనిసరి. దానిని ఎవరైనా ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూడవచ్చు. భవనశిల్పులు 1972 నాటి చట్టం కింద ఆర్కిటెక్చర్ మండలిలో నమోదవుతారు. ఇంజనీర్లకు వైద్యులకు వలె దేశవ్యాప్తమైన చట్టబద్ధ పట్టిక లేదు. అక్కడ పట్టాయే ఆధారం.

పట్టా విషయంలో రెండు మెట్లు ఉన్నాయి. మొదటిది, ఆ విశ్వవిద్యాలయం నిజమైనదా అన్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తుంది. రెండవది, ఆ పట్టా ఆ వ్యక్తికి ఇచ్చినదేనా అన్నది. పట్టా నకలును, రుసుమును జతచేసి విశ్వవిద్యాలయ పరీక్షల విభాగాన్ని కోరితే ధ్రువీకరిస్తారు. ఇందుకు ఆ వ్యక్తి సమ్మతి ఉంటే పని సులభం. 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లో తన పత్రాలను తెరిచి చూపించగలవాడు వాటి యజమానే.

సమాచార హక్కు చట్టం, 2005 కింద ఇతరుల మార్కులు, సేవా వివరాలు అడిగితే వ్యక్తిగత సమాచారమని నిరాకరించే అవకాశం ఎక్కువ. వృత్తి పట్టికలు బహిరంగమైనవి కనుక వాటికి ఆ దరఖాస్తు అవసరమే లేదు.

విశ్రాంత ఉద్యోగులు, సైనికులు

విశ్రాంత ప్రభుత్వోద్యోగి వద్ద పింఛను చెల్లింపు ఉత్తర్వు ఉంటుంది. మాజీ సైనికునికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం గుర్తింపు కార్డు ఇస్తుంది. యూనిఫారంలో తీయించుకొన్న ఛాయాచిత్రం ఆధారం కాదు. పదవిలో ఉన్న ప్రభుత్వ సేవకునిగా నటించి, ఆ హోదాతో పనులు చేయడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను కింద నేరం. ఆరు నెలలకు తగ్గని, మూడేళ్ల వరకు శిక్ష, జరిమానా ఉన్నాయి.

ఫలితాన్ని ఎలా చదవాలి

పట్టికలో పేరు ఉన్నదన్నంత మాత్రాన ఆ మనిషే ఈ మనిషని తేలినట్లు కాదు. ఇతరుల నమోదు సంఖ్యను వాడుకొన్నవారు దేశంలో అనేకమార్లు పట్టుబడ్డారు. తండ్రి పేరు, చదివిన సంవత్సరం, వయస్సు సరిపోవాలి. పాతికేళ్లకు ముందే పట్టా వచ్చిందన్న మనిషి వయస్సు నలభై అయితే లెక్క తప్పినట్లే. పేరు లేదన్నంత మాత్రాన మోసమనీ కాదు. వ్రాతపూర్వకంగా మండలి "నమోదు లేదు" అని తెలిపినప్పుడే అది ఆధారం.

వృత్తితో పాటు మరొక అంశాన్ని మరువరాదు. పూర్వపు వివాహం ముగిసిందనడానికి విడాకుల డిక్రీ ధ్రువీకృత నకలు గాని, మొదటి భార్య లేక భర్త మరణ ధ్రువపత్రం గాని చూడాలి. పట్టా విషయంలో అబద్ధమాడిన మనిషి ఇక్కడ కూడా ఆడి ఉండవచ్చు. ఈ అబద్ధం వివాహాన్నే చెల్లనీయదు.

చేయకూడని పనులు

ఆ వ్యక్తి ఫోను తెరవడం, పాస్‌వర్డు కాజేయడం, పెట్టె పగులగొట్టి కాగితాలు తీయడం నేరమవుతుంది. నిర్ధారణ కాకముందే బంధువుల వాట్సాప్ బృందంలో "దొంగ డాక్టరు" అని వ్రాయడం పరువు నష్టం కిందికి రావచ్చు. న్యాయ సంహిత 356వ సెక్షను దానికి రెండేళ్ల వరకు సాధారణ శిక్ష చెబుతున్నది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి. నలుగురిలో అవమానింపబడిన తల్లి, తాను ఎంచుకొన్న మనిషిని సమర్థించుకోవడమే తన గౌరవంగా భావిస్తుంది. ఆ తరువాత ఏ కాగితం చూపినా ఆమె చూడదు.

మాట్లాడే పద్ధతి

ఏకాంతంగా, ఒక్కరే మాట్లాడడం మంచిది. "అమ్మా, నీ పెళ్లికి నేను అడ్డు కాదు. ఆయన చెప్పిన నమోదు సంఖ్య పట్టికలో కనబడలేదు. తప్పు నాదే కావచ్చు, నువ్వే ఒకసారి అడిగి చూడు" అన్న మాటలో నింద లేదు, నిర్ణయం ఆమె చేతిలోనే ఉంటుంది. ఆస్తి ప్రస్తావనను ఆ మాటల్లోనే కలిపితే, అనుమానమంతా ఆస్తి కోసమేనన్న భావన ఆమెకు కలుగుతుంది. కొన్ని సందర్భాలలో తల్లికో తండ్రికో ఆ సంగతి ముందే తెలిసి ఉంటుంది. తెలిసి అంగీకరించినట్లయితే అది వారి నిర్ణయం.

చట్టపరమైన మార్గాలు

హిందూ వివాహ చట్టం, 1955లోని 12వ సెక్షను ప్రకారం ప్రతివాదికి సంబంధించిన ముఖ్య విషయంలో మోసగించి పొందిన సమ్మతితో జరిగిన వివాహాన్ని రద్దు చేయమని కోరవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. బయటపడిన పిమ్మట ఇష్టపూర్వకంగా కలిసి కాపురం చేసి ఉండరాదు. వృత్తి విషయంలో ఆడిన అబద్ధం "ముఖ్య విషయం" అవునా కాదా అన్నది ఆయా సాక్ష్యాలను బట్టి న్యాయస్థానం తేల్చుతుంది. దరఖాస్తు చేయవలసినవారు తల్లి లేక తండ్రి. సంతానానికి ఆ హక్కు లేదు. పుదుచ్చేరి ప్రాంతంలో ఫ్రెంచి పాలననాడు స్వధర్మశాస్త్రాన్ని పరిత్యజించి ఫ్రెంచి న్యాయసంహితను స్వీకరించిన కుటుంబాలకు ఈ చట్టం వర్తించదని యానాం వారు గమనించాలి.

అబద్ధం చెప్పి డబ్బు, బంగారం, భూమి తీసుకొన్నట్లయితే అది వంచన. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉండవచ్చు. డబ్బు బ్యాంకు ద్వారా గాని ఫోను ద్వారా గాని మోసపూరితంగా వెళ్లినట్లయితే 1930 సంఖ్యకు వెంటనే తెలపాలి. వయోవృద్ధులకు సలహా, సహాయం కోసం 14567 సంఖ్య ఉన్నది.

ఆస్తి రక్షణ

పెళ్లి చేసుకొన్నంత మాత్రాన తల్లి ఆస్తికి కొత్త భర్త యజమాని కాడు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం స్త్రీ తన ఆస్తికి పూర్తి హక్కుదారు. అయితే ఆమె స్వయంగా దానపత్రం రిజిస్టరు చేసి ఇచ్చినట్లయితే తిరిగి పొందడం కష్టం. వీలునామా అయితే బ్రతికి ఉన్నంతకాలం మార్చుకోవచ్చు. అరవై ఏళ్లు దాటినవారు ఆస్తి వ్రాసి ఇవ్వదలచినప్పుడు, తమ పోషణ భారం వహించాలన్న షరతును పత్రంలోనే స్పష్టంగా వ్రాయించాలి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునలు ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. మోసంతో వ్రాయించుకొన్న పత్రం రద్దుకు సివిల్ కోర్టును ఆశ్రయించాలంటే, మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉన్నది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. పెళ్లికి ముందు ఒక నెల ఆగి, నమోదు సంఖ్య అడిగి, ఒక ఉత్తరం వ్రాయడమే ఆ నిలకడ. అడిగినది నిజమని తేలితే, ఆ వచ్చిన వ్యక్తిని ఇంటిల్లిపాదీ మనస్ఫూర్తిగా ఆదరించడం సంతానం బాధ్యత. అబద్ధమని తేలితే, తల్లి గాని తండ్రి గాని ఆ దుఃఖాన్ని ఒంటరిగా మోయకుండా చూడడం అంతకంటె ముఖ్యమైన బాధ్యత.