ఇంటిపాఠము: ఒక పాత వ్యాజ్యము

1884వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు ఉన్నత న్యాయస్థానమున హంటరు, జాన్సను అను నిరువురి నడుమ ఒక వ్యాజ్యము విచారణకు వచ్చెను. బోర్డు పాఠశాలలో చదువు నొక బిడ్డ ఇంటిపాఠము చేయక వచ్చెను. బడి వదలిన పిమ్మట ఉపాధ్యాయుడు ఆ బిడ్డను ఇంటికి పోనీయక నిలిపివేసెను. ఇది మిక్కిలి చిన్న శిక్ష. మనలో పెక్కుమంది దీనిని శిక్ష యని కూడ తలపరు. కాని న్యాయమూర్తులు మరియొక విధముగ తలచిరి. బోర్డు పాఠశాలలను నెలకొల్పిన విద్యాశాసనములు ఇంటియొద్ద చేయవలసిన పాఠమును విధించు నధికారమును ఎవ్వరికిని ఒసగలేదు. కావున అట్టి పాఠము చేయలేదని బిడ్డను నిర్బంధించుట దౌర్జన్యము క్రిందికి వచ్చు నేరమగును అని తీర్పు చెప్పిరి.

ఈ తీర్పును గూర్చి మొదటిసారి చదివిన నాడు మేము నవ్వుకొంటిమి. ఆ నవ్వు చాలసేపు నిలువలేదు. ఆ వారముననే మేము తొమ్మిదవ తరగతి బాలు నొకనిని సరిగా నట్టి తప్పునకే ముప్పావుగంట నిలిపియుంటిమి. ఆ సంగతి తరువాత విన్నవించెదము. ఈ ఇంటిపాఠము అంతగా ఎట్లు పెరిగెనో, దానిని అదుపులో నుంచుటకు ఎవరెవ రేమేమి చేసిరో ముందుగా చదువరుల యెదుట నుంచుట మా యుద్దేశము.

ఆ కాలపు ఇంగ్లండులో ఇంటిపాఠము పెరుగుటకు ఉపాధ్యాయుల క్రౌర్యము కారణము గాదు, లెక్కపుస్తకము కారణము. 1862లో రాబర్టు లో అను రాజకీయవేత్త ప్రవేశపెట్టిన సవరణ నిబంధనల వలన, పాఠశాలకు లభించు ప్రభుత్వ ధనము పిల్లల పరీక్షాఫలితముపై నాధారపడెను. ఆరేండ్లు దాటిన యొక్కొక్క బిడ్డకు ఏడాదికి పండ్రెండు షిల్లింగులు. అందు నాలుగు హాజరునకు. తక్కిన యెనిమిది చదువు, వ్రాత, లెక్కలు అను మూడింటికి. తనిఖీ యధికారి వచ్చి పిల్లలను ఒక్కొక్కరిగా పరీక్షించును. తప్పిన ప్రతి విషయమునకు రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు కోసివేయును. ఉపాధ్యాయుని జీతము పలుచోట్ల ఈ మొత్తమును బట్టియే యుండెను. చదువున వెనుకబడిన బాలుడు అట్టి ఉపాధ్యాయుని కంటికి బాలుడుగ గాక, రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీల నష్టముగ గానవచ్చుటలో వింత యేమున్నది? కవియు విమర్శకుడు నగు మాథ్యూ ఆర్నాల్డు తాను స్వయముగ తనిఖీ యధికారియై యుండియు ఈ పద్ధతిని గట్టిగ ఖండించెను. అయినను అది 1890 నుండి సడలి, ఆ దశాబ్ది చివరకు గాని పూర్తిగ తొలగలేదు. ఫలితములను బట్టి గ్రాంటు నొసగు ఈ పద్ధతియే సముద్రము దాటి మన మద్రాసు రాజధానికిని వచ్చినది. ‘ఫలితములు’ అను మాటకు మన పాఠశాలలలో నేటికిని గల మహిమ ఆ విత్తనమునుండియే మొలచినదేమో యని మా యనుమానము.

1880లో ఇంగ్లండున బడికి వచ్చుట నిర్బంధమయ్యెను. అంతవరకు బడిముఖ మెఱుగని బీదల బిడ్డలు తరగతులు నిండిరి. కుటుంబమంతయు ఒకే గదిలో కాపురముండు ఇండ్లకు, దీపమునకు చమురు కఱవైన ఇండ్లకు, పాఠములు వెంట వెళ్లెను. పిల్లలు చదువుభారముచే కృశించుచున్నారని పత్రికలలో గొప్ప అలజడి పుట్టెను. మానసిక వ్యాధుల వైద్యమున పేరుగన్న జేమ్సు క్రైటన్ బ్రౌను లండను పాఠశాలలను చూచి, 1884లో ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. 6,580 మంది పిల్లలను విచారింపగా 3,034 మంది, అనగా నూటికి 46 మందికి పైగా, తమకు తలనొప్పి వాడుకగ వచ్చుచుండుననిరి. దీనితోపాటే విద్యాశాఖ తన తనిఖీ యధికారి జాషువా ఫిచ్ వ్రాసిన ఖండనమును గూడ ప్రకటించెను. తరగతిలో పిల్లలచే చేతులెత్తించి లెక్కించుట ప్రమాణమా యని ఫిచ్ ఆక్షేపణ. ఆక్షేపణ న్యాయమైనదే. ‘ఎవరికి తలనొప్పి’ యని మా తరగతిలో నడిగినచో చేయి ఎత్తనివా డుండడు! కాని ఆ వైద్యుడు మరియొక సంగతిని చూచెను. దానిని ఎవ్వరును త్రోసివేయజాలరు. ఆ తరగతులలో పెక్కుమంది బిడ్డలు కడుపునిండ తినక వచ్చుచుండిరి. ఆకలిగొన్న మెదడుపై పాఠమును మోపుట యెట్టిదో యాతడు నిస్సంకోచముగ వ్రాసెను.

అమెరికాలో ఈ వివాదము తల్లుల పత్రిక నుండి బయలుదేరెను. 1897లో జోసెఫ్ రైసు అను విద్యావేత్త వేలకొలది పిల్లల వర్ణక్రమమును పరీక్షించి, దానిపై ఎక్కువ కాలము వెచ్చించిన బడుల పిల్లలు తక్కువ కాలము వెచ్చించిన వారికంటె మేలుగ లేరని ప్రకటించెను. 1900 జనవరిలో ‘లేడీస్ హోమ్ జర్నల్’ సంపాదకుడు ఎడ్వర్డు బాక్ పదునైదేండ్ల లోపు వారికి ఇంటిపాఠమే వలదని, ఆ పైవారికి ఒక్క గంటకు మించరాదని వాదించెను. మరుసటి సంవత్సరమే, 1901లో, కాలిఫోర్నియా రాష్ట్రము ప్రాథమిక తరగతులలో పదునైదేండ్ల లోపు వారికి ఇంటిపాఠమును నిషేధించుచు చట్టము చేసెను. అది 1917లో రద్దయ్యెను. 1957లో రష్యావారు స్పుట్నిక్కును ఆకాశమున కెక్కింపగా, మన పిల్లలు వెనుకబడిరను భయముచే అమెరికాలో ఇంటిపాఠము మరల బలిసెను. ఆకాశమున నొక గోళము తిరిగినచో భూమిపై పిల్లల నిద్ర తగ్గుట విచిత్రమే.

సంస్కృతము చదివిన మా బోంట్లకు ఇచ్చట అనధ్యయన దినములు జ్ఞాపకము వచ్చును. అమావాస్య, పూర్ణిమ, అష్టమి, చతుర్దశులయందు వేదము చదువరాదని మనుస్మృతి నాల్గవ యధ్యాయమున గలదు. దీనిని చూపి మన పూర్వులు విద్యార్థి యారోగ్యమును తలపోసిరని చెప్పువారు గలరు. మేమంత సాహసింపము; వారి చింత వేదముయొక్క శౌచమును గూర్చినది. అయినను చదువున కొక హద్దు గలదనియు, ఆ హద్దు గురువునకును వర్తించుననియు వా రెఱుంగుదురు.

మన దేశమున ఈ మాటను చట్టసభలో నెత్తినవాడు ఒక నవలాకారుడు. రాజ్యసభ సభ్యులుగ నుండిన ఆర్.కె. నారాయణ్ 1989లో తమ మొదటి ప్రసంగమున పిల్లల పుస్తకాల సంచి బరువును గూర్చి మాటలాడిరి. 1992లో ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన సంఘ మేర్పడి, 1993లో నివేదిక నిచ్చెను. సంచి బరువుకంటె అర్థముగాని చదువు బరువే మిక్కిలి హానికరమని యందలి సారము. 2017లో తెలంగాణ ప్రభుత్వము సంచికి హద్దు విధించి, ప్రాథమిక తరగతులకు ఇంటిపని వలదనెను. 2018లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇంటిపని ఈయరాదని యాదేశించెను.

ఈ వరుసను మరల చూడుడు. కాలిఫోర్నియా చట్టము పదునైదేండ్లతో ఆగెను. మన ప్రభుత్వాజ్ఞ అయిదవ తరగతితో ఆగెను. న్యాయస్థానపు టాజ్ఞ రెండవ తరగతితో ఆగెను. కనికరమెల్ల పసిబిడ్డలకే వ్యయమై, ఉన్నత పాఠశాల గడపకు చేరునప్పటికి అడుగంటుచున్నది. మీసము మొలకెత్తువానిని చూచి జాలిపడుట ఎవరికిని తోచదు. వానికి పరీక్ష గలదు! కేంద్ర ప్రభుత్వము 2020లో ప్రకటించిన పుస్తకసంచి విధానము మాత్రము తొమ్మిది మొదలు పండ్రెండు తరగతులవరకు దినమునకు రెండు గంటలకు మించరాదని చెప్పినది. అది విధానమే గాని చట్టము గాదు. ఆ రెండు గంటలనైనను ఎవరు లెక్కించుచున్నారు?

ఇక మా బాలుని సంగతి. నిలిపివేసినప్పు డతడు ఏమియు బదులు చెప్పలేదు. మరునాడు మనసు నిలువక, “నాయనా, నీ పుస్తకములు తెమ్ము” అంటిమి. లెక్కలు ఇరువది చేసియుండెను. భౌతికశాస్త్రపు పటము వేసియుండెను. జీవశాస్త్రము, సాంఘికశాస్త్రము ముగించియుండెను. హిందీ ప్రశ్నోత్తరములు మూడేసి మారులు వ్రాసియుండెను. ఇంగ్లీషు వ్యాసము పూర్తియైనది. చిట్టచివరిది మా తెలుగు. అందు మొదటి సమాధానము రెండవ పంక్తిలో అక్షరములు వాలి, వాలి, ఒక గీతగ మారి పుట యంచువరకు జారియుండెను. కలము చేతనుండగనే నిద్ర పట్టినదట. గడియారము పండ్రెండు దాటినదని తల్లి చెప్పినదట.

మే మిచ్చినది అరగంట పని. తక్కిన ఆర్గురును అట్లే తలచియుందురు. ఏడుగురి యరగంటలు కలిసిన మూడుగంటలన్నర యగునని మాలో నొక్కరికిని తోచలేదు. బడి, దానిపై స్టడీ అవరు ముగించుకొని బాలుడు ఇల్లు చేరునప్పటికే సంజ చీకటి.

ఆ దినమున ఉపాధ్యాయుల గదిలో ఒక పలక వ్రేలగట్టితిమి. ఏ తరగతికి ఎన్ని నిముసముల పని యిచ్చితిమో ఎవరికి వారు దానిపై వ్రాయవలెను. మొత్తము నూట యిరువదికి మించరాదు. “పంతులుగారూ, ఏడుగురికి పంచిన పదునేడు నిముసములు వచ్చును. అందులో లెక్క యొక్కటి తెగునా?” యని లెక్కల ఉపాధ్యాయులు అడిగిరి. సబబైన మాటయే. వారికి రెండు దినముల కొకసారి నలుబది నిముసములు విడిచి, మేము తెలుగును వారమునకు రెండు దినములకు తగ్గించుకొంటిమి. దసరా సెలవుల పిమ్మట మొదలైన యేర్పాటు సంక్రాంతివరకు చక్కగ జరిగెను. ఆ నడుమ ఒక తండ్రి వచ్చి, ప్రక్క బడిలో రాత్రి పదింటివరకు చదివించుచుండగా మీరేల తగ్గించితిరని నిలదీసెను. ఆయనకు గీత జారిన పుటను చూపితిమి. చాలసేపు చూచి, ఏమియు అనక వెడలిపోయెను. సంక్రాంతి దాటగనే పదవ తరగతి పరీక్షల తొందరలో పలకపై నంకెలు నూట యిరువది దాటెను; నూటయేబదియు దాటెను. పలక ఇంకను అచ్చటనే యున్నది.

పుస్తకము తిరిగి యిచ్చునప్పుడు ఆ బాలుడు, “మాస్టారూ, ఈ గీత చెరిపి సమాధానము పూర్తి చేయనా?” యని యడిగెను. వలదంటిమి.