కొలత లేని కరెంటు

మీ ఇంటి రేడియో వాడుకొను కరెంటు ఎంత స్వల్పమైనను దానికి మీటరు కలదు. పొలములో గంటల తరబడి తిరుగు మోటారుకు మాత్రము, తెలుగునాట చాలచోట్ల, మీటరు లేదు. ఈ విచిత్రము ఎట్లు కలిగెనో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

1955లో మాచకుండ జలవిద్యుత్తు ఉత్పత్తి ఆరంభమాయెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడెను. అంతవరకు మెట్టసీమలలో నీరు తోడుటకు మోటయు, కపిలయు, ఏతమునే గతి. తీగ పల్లె చేరిన పిదప ఎద్దుల పని మోటారు చేయసాగెను. దాని ప్రక్కన మీటరుండెను; వాడిన యూనిట్లకు రైతు పైకము చెల్లించెడివాడు.

1982లో యూనిట్ల లెక్క పోయి స్లాబు వచ్చెను. మోటారు ఎన్ని హార్స్ పవర్లదో చూచి ఏటికింతయని కట్టుటయే స్లాబు. మరుసటి యేట అధికారమునకు వచ్చిన నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము హార్స్ పవరుకు సాలుకు 50 రూపాయలు చాలుననెను. దీనిని ఓట్ల కొరకు చేసిన పనియని కొట్టివేయుట సులభము. కాని కృష్ణా, గోదావరి డెల్టాలలో ప్రభుత్వమే ఆనకట్ట కట్టి, కాలువ త్రవ్వి, స్వల్పమైన నీటి తీరువకు పొలముగట్టు దాక నీరు తెచ్చి యిచ్చినది గదా! అనంతపురము, నల్లగొండ, మహబూబ్‌నగరు రైతు తన బావిని తానే త్రవ్వుకొనెను. బోరుకు తానే అప్పు చేసెను. నీరు పడనిచో ఆ నష్టమును తానే మోసెను. అట్టివానికిచ్చిన రాయితీ దానము కాదు, ఆలస్యముగ అందిన కాలువ వాటాయని మా యభిప్రాయము. బోర్డుకును, ఊరూర తిరిగి మీటర్లు చూచు ఖర్చు తప్పెను.

అయితే మీటరుతో పాటు లెక్కయు పోయెను. సేద్యమునకు నిజముగ ఎంత కరెంటు పోవుచున్నదో చెప్పగలవారు లేరైరి. తీగలలో నష్టమైనది, దొంగిలింపబడినది, అంతయు రైతు పద్దున వ్రాయుటకు వీలు చిక్కెను. 1998 నాటి సంస్కరణ చట్టము ననుసరించి 1999లో బోర్డును విడదీసి లెక్కలు తిరిగి చూచినపుడు, సరఫరా నష్టములు అంతవరకు చెప్పుచు వచ్చిన దానికంటె చాల హెచ్చని తేలెను. రైతు తాను వాడని కరెంటుకు కూడ ఏండ్ల తరబడి నింద మోసెనన్నమాట!

ఆ సంస్కరణల వెనుక ప్రపంచ బ్యాంకు ఋణముండెను. 2000లో చార్జీలు పెరిగెను. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో నిరసనకారులపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు మరణించిరి. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డిగారు ముఖ్యమంత్రిగ ప్రమాణము చేసిన వేదికపైననే ఉచిత విద్యుత్తు దస్త్రముపై సంతకము చేసిరి.

ఉచితమన్నంత మాత్రాన అడిగినపుడెల్ల వచ్చునని కాదు. ధరతో అదుపు చేయరాని సరకును గంటలతో అదుపు చేసిరి. దినమునకు ఏడు గంటలు. అదియు పగలు కొంత, రాత్రి కొంత. పట్టణము నిదురించు వేళ మిగిలిన కరెంటు పొలమునకు వచ్చెడిది. రైతు చీకటిలో గట్ల వెంట నడచి స్టార్టరు నొక్కవలెను. ఆ దారిలో పాము కరచినవారు, తడిచేతికి షాకు తగిలినవారు ఏ సబ్సిడీ పద్దులోను కనబడరు. నిదుర మాని కాచుకొనలేనివారు ఆటో స్టార్టర్లు బిగించుకొనిరి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో 24 గంటల సరఫరా మొదలిడగనే, వానిని తీసివేయుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చెను. మోటారు రేయింబవళ్లు దానంతటది తిరిగినచో రాతినేలలోని నీరెన్నాళ్లుండును?

ఇక గాలి, ఎండల సంగతి. 1990 తరువాత అనంతపురము జిల్లా రామగిరి కొండలపై గాలిమరలు వెలసెను. ఆనాటి ప్రోత్సాహము పెట్టుబడికి: మర విలువ యావత్తు మొదటి యేటనే తరుగుదలగ చూపి ఆదాయపు పన్ను తగ్గించుకొనవచ్చును. మర బాగుగ తిరిగినను, తిరుగకున్నను ఆ లాభమొక్కటియే. ఉత్పత్తియైన యూనిటుకు 50 పైసల చొప్పున నిచ్చు పద్ధతి 2009లో గాని రాలేదు. పొలములో యూనిటును మరచినట్లే కొండపైనను మరచిరి.

ఎండ పగటి సరకు. రాత్రి నడకను తప్పింపగల గుణము దానికి కలదు. 2019 నాటి కుసుమ్ పథకమున సౌర పంపుకు కేంద్రము 30 శాతము, రాష్ట్రము 30 శాతము భరించును, తక్కినది రైతుది. తీగతో కలిపిన పంపైనచో, తనకు మిగిలిన కరెంటును రైతు అమ్ముకొనవచ్చును. అమ్ముటకు మరల మీటరు కావలెను.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీ పైకమును రైతు ఖాతాలో వేయ నిశ్చయించి, శ్రీకాకుళము జిల్లాలో ప్రయోగము చేసెను. పైసా అడుగమని ప్రభుత్వము పలికినను, నేటి మీటరు రేపటి బిల్లగునని రైతు సంఘములవారు ఎదిరించిరి. బషీర్‌బాగు కాల్పులు జరిగి అప్పటికి ఇరువదియేండ్లే గడచినవి.