చిల్లర దేవుళ్లు: నిజాం రాజ్యంలో ఊరి బతుకు

1947 ఆగస్టు 15 నాటికి మా బైరెడ్డిపల్లె మద్రాసు రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆరోజు ఇక్కడ జాతీయ జెండా అంటే పండగ. హైదరాబాద్ సంస్థానంలో అదే జెండా పట్టుకుంటే జైలు. వాళ్లూ తెలుగువాళ్లే. ఇంకో పదమూడు నెలలు, అంటే 1948 సెప్టెంబర్ 17 దాకా, వాళ్లకు అదే పరిస్థితి.

చరిత్ర పుస్తకం తీస్తే కాశిం రజ్వీ, రజాకార్లు, పోలీస్ యాక్షన్ అని ఉంటాది. సరే, మరి ఊళ్లో మామూలు మనిషి ఎట్లా బతికినాడు? అది తెలియాలంటే నవల చదవాల్సిందే.

దాశరథి రంగాచార్య ఆ పోరాటంలో తిరిగిన మనిషి. 1969లో 'చిల్లర దేవుళ్లు' రాశారు. పేరులోనే ఉంది చూడండి కథంతా. ఊరోళ్లు నిజాంని ఎప్పుడూ చూసుండరు. వాళ్లకు కనిపించేది గడీలో దొర, పక్కన కరణం. కూలి లేకుండా చేసే వెట్టి. దొర కూతురికి పెళ్లయితే ఆమెతో పాటు అత్తింటికి పంపే ఆడబాప. ఆ పిల్లను ఇష్టమా అని ఎవరూ అడగరు. ఇదంతా బయట నుంచి వచ్చిన ఒక సంగీతం మాస్టారి కళ్లతో చూస్తాం. మనమూ బయటివాళ్లమే కదా, అందుకే ఆయనతో పాటు మనకూ ఊపిరి ఆడదు.

దీన్ని ఫాసిజం అనొచ్చా? రజాకార్ల వరకు నేనైతే అంటాను. ప్రైవేటు సైన్యం, ఎదురు చెప్పినోళ్ల మీద దాడులు. గడీ మాత్రం అంతకన్నా పాతది. కానీ అన్నేళ్లుగా తల వంచడం నేర్పింది గడీనే.

ఇంకో మాట. దీన్ని హిందూ ముస్లిం గొడవగా చూపించే రీల్స్ మీకూ వచ్చుంటాయి. నవల్లోని దొర తెలుగోడే. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' ఎడిటర్ పేరు షోయబుల్లా ఖాన్.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లోనే వచ్చింది. ఆయన పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మినాడు, జైలుకూ పోయినాడు. మీటింగు పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలనే 'గస్తీ నిషాన్ 53' ఉన్న రాజ్యం అది! మనం ఇప్పుడు నిమిషంలో వాట్సాప్ గ్రూప్ పెట్టేస్తాం.

ముందు 'చిల్లర దేవుళ్లు' పట్టుకోండి. మొదటి కొన్ని పేజీలు ఆ తెలంగాణ మాట మన చిత్తూరు చెవికి కొత్తగా ఉంటాది. ఆపొద్దు, చదువుతా పోండి.