పీటర్ తంగరాజ్

పీటర్ తంగరాజ్ (1935 డిసెంబరు 24 – 2008 నవంబరు 24) హైదరాబాదుకు చెందిన భారత ఫుట్‌బాల్ గోల్‌కీపర్. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సభ్యుడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన ఫైనల్లో గోలు కాచింది ఆయనే. 1958లో ఆసియా అత్యుత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యారు. 1967లో అర్జున అవార్డు అందుకున్నారు. మొదట సైన్యం జట్టులోనూ తర్వాత కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బుల్లోనూ ఆడారు. ఆట విరమించాక శిక్షకుడిగా పనిచేశారు.

నేపథ్యం

తంగరాజ్ పుట్టేనాటికి హైదరాబాదు నిజాం రాజ్యానికి రాజధాని. నేటి తెలంగాణతో పాటు మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా, రాయచూరు ప్రాంతాలు ఆ రాజ్యంలో ఉండేవి. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా ఇవన్నీ ఒకే పాలనలో సాగాయి. ఈ రాజ్యంలో ఫుట్‌బాల్‌కు సికింద్రాబాద్ కంటోన్మెంటు ఒక ముఖ్య కేంద్రం. బ్రిటిష్ పటాలాలతో వచ్చిన ఆట అక్కడి బస్తీల కుర్రాళ్లకు అబ్బింది. తర్వాత భారత జట్టులో పేరు తెచ్చుకున్న తులసీదాస్ బలరాం కూడా సికింద్రాబాద్ మైదానాల నుంచి వచ్చినవాడే.

తంగరాజ్ సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టారు. అప్పట్లో ఆయన గోల్‌కీపర్ కాదు, గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడుగాటి చేతులు ఆయనకు కలిసొచ్చాయి. ఫార్వర్డ్‌గా ఉన్నప్పుడు తలతో బంతిని అందుకోవడానికి పనికొచ్చిన ఆ ఎత్తే, గోలు ముందు నిలబడ్డాక ఎదుటి జట్టుకు పెద్ద అడ్డంకి అయింది.

సైన్యంలో

1953లో సైన్యంలో చేరిన తంగరాజ్ నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ తరఫున ఆడారు. గోల్‌కీపర్‌గా స్థిరపడిందీ, దేశమంతటా పేరు వచ్చిందీ అక్కడే. రెజిమెంటల్ సెంటర్ 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్ గెలుచుకుంది. 1960-61 సీజన్‌లో తంగరాజ్ నాయకత్వంలో సర్వీసెస్ జట్టు ఫైనల్లో బెంగాల్‌ను ఓడించి తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది. సాధారణంగా నాయకత్వం డిఫెండర్లకో ఫార్వర్డ్‌లకో దక్కే రోజుల్లో గోలు దగ్గర నిలబడే ఆటగాడు జట్టును నడిపించి కప్పు తేవడం అరుదు.

ఆనాడు భారత ఫుట్‌బాల్ కాగితం మీద ఔత్సాహికుల ఆటే. ఆటగాడి కుటుంబాన్ని పోషించేది ఏదో ఒక శాఖలో ఉద్యోగం: సైన్యం, పోలీసు, రైల్వే, పోర్టు. హైదరాబాదులో ఈ పాత్ర సిటీ పోలీసు జట్టుది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. తంగరాజ్ పోలీసు దారి పట్టకుండా సైన్యం దారి పట్టారు. అయినా జాతీయ జట్టులో రహీం సాబ్ శిక్షణలోకే వచ్చారు.

అంతర్జాతీయ పోటీలు

1955లో ఢాకాలో భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ ఆడిన నాలుగు దేశాల పోటీతో తంగరాజ్ అంతర్జాతీయ ఆట మొదలైంది. మరుసటి ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు ఎంపికైన ఇద్దరు గోల్‌కీపర్లలో ఆయన ఒకరు, రెండోవారు ఎస్.ఎస్. నారాయణ్. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదు ఆటగాళ్లు ఆ జట్టులో ఉన్నారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో గోలు బాధ్యత తంగరాజ్‌దే. ఆ పోటీల్లో కాంస్యం గెలిచిన హంగరీ చేతిలో భారత్ 1-2తో ఓడింది, ఫ్రాన్స్‌తో 1-1తో సమంగా నిలిచింది, పెరూ చేతిలో 1-3తో ఓడింది. భారత్ గ్రూపు దశ దాటలేదు. కానీ ఐరోపా జట్ల ముందు ఆ జట్టు తేలిపోలేదు. భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఆ తర్వాత ఇంతవరకు లేదు.

తంగరాజ్ 1958 టోక్యో, 1962 జకార్తా, 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో పాల్గొన్నారు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం పొందిన భారత జట్టులోనూ ఉన్నారు. ఆసియా ఆల్ స్టార్స్ జట్టుకు రెండుసార్లు ఎంపికయ్యారు.

1962 జకార్తా ఫైనల్

ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానీయకపోవడాన్ని భారత క్రీడాధికారి జి.డి. సోంధీ బాహాటంగా తప్పుపట్టారు. దానితో ఇండోనేషియా జనం భారత్ మీద మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న సెనయన్ స్టేడియంలో ఫైనల్ మొదలయ్యేసరికి లక్షమందికి దరిదాపు ప్రేక్షకులు భారత ఆటగాళ్లను చూసి అరుస్తూ ఈలలు వేస్తున్నారు.

ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణ కొరియా. గ్రూపు దశలో ఆ జట్టు చేతిలోనే భారత్ 0-2తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్, జపాన్‌లను, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను ఓడించి ఫైనల్ చేరింది. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో మంచం పట్టినప్పుడు గోలు కాచినవాడు ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు రహీం మళ్లీ తంగరాజ్‌నే ఎంచుకున్నారు. జట్టులో ఇంకో మార్పు కూడా చేశారు. తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నయిల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దించారు.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నయిల్ సింగ్ గోల్స్ కొట్టారు. అక్కడి నుంచి గంటకు పైగా భారత్ పని ఆ ఆధిక్యాన్ని నిలబెట్టుకోవడం. జ్వరం నుంచి అప్పుడే లేచిన గోల్‌కీపర్ 85వ నిమిషం దాకా ఒక్క గోలూ పోనివ్వలేదు. చివర్లో కొరియా ఒకటి కొట్టినా 2-1తో స్వర్ణం భారత్‌కు దక్కింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో 1951 తర్వాత భారత్‌కు అది రెండో స్వర్ణం. మూడోది ఇంతవరకు రాలేదు.

కలకత్తా క్లబ్బులు

సైన్యం వదిలాక తంగరాజ్ కలకత్తా వెళ్లారు. మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికీ ఆడారు. ఉద్యోగం నీడ నుంచి బయటికి వచ్చి ఆటనే జీవనాధారం చేసుకోగలిగే చోటు అప్పట్లో దేశంలో దాదాపు అదొక్కటే. హైదరాబాదు ఆటగాళ్లు తరం తర్వాత తరం అక్కడికి వలసపోవడానికి కారణం ఇదే. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు, తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ వెళ్లారు. ఒక పెద్ద క్లబ్బు నుంచి దాని ప్రత్యర్థికి మారిన ఆటగాడి మీద అభిమానుల కోపం తప్పదు. అందులోనూ గోల్‌కీపర్ తప్పు స్కోరుబోర్డు మీద వెంటనే కనబడుతుంది. మూడు క్లబ్బులూ ఆయన్ని కోరుకున్నాయంటే ఆ చేతుల మీద ఉన్న నమ్మకమే దానికి కారణం. 1971లో ఆట విరమించారు.

ఆటతీరు, ఆనాటి నియమాలు

గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పొడుగాటి గోల్‌కీపర్‌కు అడ్డకమ్మీ కిందికొచ్చే బంతులు సులువు. అసలు పరీక్ష పక్క నుంచి వచ్చే క్రాస్‌లు, కార్నర్లు. గీత మీద నిలబడి చూడాలా, గుంపులోకి దూకి బంతిని అందుకోవాలా, రెండు పిడికిళ్లతో దూరంగా గుద్దాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. బయలుదేరి అందుకోలేకపోతే వెనక గోలు ఖాళీ. ఎత్తు బంతుల మీద పట్టే తంగరాజ్‌కు పేరు తెచ్చింది.

నియమాలు కూడా ఇప్పటివి కావు. తమ డిఫెండర్ కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవచ్చు. దాన్ని నిషేధించింది 1992లో. బంతి చేతిలో ఉన్న గోల్‌కీపర్‌ను ఎదుటి ఫార్వర్డ్ భుజంతో తోయడం నియమబద్ధమే. రోమ్ ఒలింపిక్స్‌లో దెబ్బ తగిలినా బదులు ఆటగాడు దిగే వీలు లేదు. నేటి చేతొడుగులు అప్పటికి వాడుకలోకి రాలేదు. వానకాలపు కలకత్తా మైదానంలో తడిసి బరువెక్కిన తోలు బంతిని వట్టి చేతులతో పట్టాలి.

శిక్షకుడిగా, గుర్తింపు

ఆట మానేశాక తంగరాజ్ గోవాలోని వాస్కో క్లబ్బుకు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. తర్వాత జార్ఖండ్‌లోని బొకారో ఉక్కు నగరంలో స్థిరపడి అక్కడి కుర్రాళ్లకు ఫుట్‌బాల్ నేర్పారు. 2008 నవంబరు 24న బొకారోలోనే కన్నుమూశారు.

1961లో మొదలైన అర్జున అవార్డు ఫుట్‌బాల్‌లో మొదటి ఆరేళ్లూ పి.కె. బెనర్జీ, బలరాం, చునీ గోస్వామి, జర్నయిల్ సింగ్, అరుణ్ ఘోష్, యూసుఫ్ ఖాన్‌లకు దక్కింది. ఏడోవాడైన తంగరాజ్ ఆ అవార్డు పొందిన తొలి గోల్‌కీపర్. రెండో గోల్‌కీపర్‌గా బ్రహ్మానంద్ శంఖ్వాల్కర్ దాన్ని అందుకోవడానికి 1997 దాకా, అంటే ముప్ఫై ఏళ్లు పట్టింది. రహీం జీవితం మీద 2024లో విడుదలైన హిందీ చిత్రం 'మైదాన్'లో తంగరాజ్ పాత్ర కూడా ఉంది.

హైదరాబాదు పేరుతో ఒక వృత్తి క్లబ్బు 2019లో ఏర్పడింది. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో ఆ జట్టు గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీ షూటౌట్‌లో మూడు కిక్కులు ఆపి కేరళ బ్లాస్టర్స్ మీద కప్పు గెలిపించారు. కట్టిమణి గోవా ఆటగాడు. ఒకనాడు తన గోల్‌కీపర్‌ను కలకత్తాకు పంపిన నగరం అప్పుడు ఇంకో రాష్ట్రం నుంచి గోల్‌కీపర్‌ను తెచ్చుకుంది. సైన్యం జీతం, కలకత్తా క్లబ్బులు, ఉక్కు నగరంలో శిక్షణ: ఆ కాలపు భారత గోల్‌కీపర్‌కు వృత్తి జీవితం అంటే ఏమిటో తంగరాజ్ నడిచిన ఈ దారే చెబుతుంది. సొంత ఊరి జట్టు నుంచి జీతం తీసుకుని గోలు కాచే అవకాశం మాత్రం ఆయన తరానికి దొరకలేదు.