కూచిపూడి నృత్యనాటకాల వీడియోలు

రంగస్థలంపై ఆడిన నృత్యనాటకాన్ని చిత్రీకరించి ఇంట్లో చూసుకునేలా భద్రపరచిన రూపాలివి. ఇంటి తెర విషయానికొస్తే, హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు 1977లో మొదలయ్యాయి. వీడియో క్యాసెట్లు, వీసీడీలు ఆ తర్వాత వచ్చాయి. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఎల్బీనగర్ ఇళ్లలోనూ యూట్యూబే దిక్కు.

ఇంట్లో చూడటానికి భామాకలాపం అనే నృత్యనాటకం బాగా నప్పుతుంది. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి సత్యభామ తన జడను తెర మీదుగా ముందుకు వేస్తుంది. ఆ జడ, కాలి గజ్జెలు, చివరికి ముఖం: కెమెరా దగ్గరకెళితే వెనక వరుస ప్రేక్షకుడికి అందని కనుబొమల విరుపు కూడా దొరుకుతుంది. కానీ పాదం కోసేసి ముఖమే చూపిస్తే అది కూచిపూడి కాదు, సగం కూచిపూడి. ఒకప్పుడు రాత్రంతా సాగిన ఆటను గంటకు కుదించడం మరో నష్టం.

సత్యభామ పాత్రతో పేరొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ, నృత్యనాటక రూపశిల్పి వెంపటి చినసత్యం ఇద్దరూ 2012లోనే కన్నుమూశారు. వారిని చూడాలంటే ఇక రికార్డింగులే గతి. నేటి కళాకారుల ప్రదర్శన ఎదురుగా చూడాలనుకునేవారికి ఎల్బీనగర్ నుంచి రవీంద్రభారతి ప్రేక్షకశాల పక్కనున్న అసెంబ్లీ స్టేషన్ దాకా 2018 నుంచి నేరుగా మెట్రో ఉంది.