జీపు నుంచి ఎస్‌యూవీ దాకా - ఖమ్మం, భద్రాచలం దారిలో

మా బామ్మర్దికి ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం. మొన్న సెలవులకి వెళ్తే కొత్తగా కొన్న బండి తాళం నా చేతిలో పెట్టి, "నడిపి చూడు బావా, ఎట్లుందో నువ్వే చెప్పాలె" అన్నాడు. తాళం అంటే మళ్ళీ మనకి తెలిసిన తాళం కాదు, జేబులో ఉంటే చాలట, బండే గుర్తు పడుతుంది. కంపెనీ పేరు రాయను, దాన్ని అమ్మిపెట్టడం నా పని కాదు. ఖరీదు మాత్రం హైదరాబాదులో నేను ఇంకా వాయిదాలు కడుతున్న ఫ్లాటుకి కాస్త అటూ ఇటూ :)

సరే, భద్రాచలం పోయి రాములవారి దర్శనం చేసుకుని అటునుంచి అడివిలోకి ఓ రౌండు వేసొద్దాం అనుకున్నాం. సుమారు 120 కిలోమీటర్లు. ముందు బండి గురించి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. లోపల కూర్చుంటే బయటి చప్పుడు ఏమీ వినపడదు. సీటులోంచి చల్లగాలి వస్తుంది. రెండు టన్నుల పైన బరువున్నా, కాలు ఆనిస్తే చాలు లారీల్ని దాటేసి పోతుంది. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది గేరు పక్కనున్న ఓ గుండ్రటి మీట. బురద, ఇసుక, రాళ్ళు, మంచు అని దాని మీద బొమ్మలున్నాయి. ఏ బొమ్మ దగ్గరికి తిప్పితే ఆ నేలకి తగ్గట్టు ఏ చక్రానికి ఎంత బలం ఇవ్వాలో బండే చూసుకుంటుంది. ఖమ్మంలో మంచు ఎక్కడ పడుతుందని మాత్రం అడక్కండి.

తల్లాడ దాటి కొత్తగూడెం వైపు వెళ్తుంటే ఆ మీటని చూస్తూ నాకు పాత జీపు గుర్తొచ్చింది. అందులో ఇదే పని రెండు ఇనప కడ్డీలు చేసేవి. ఒకటి లాగితే ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందేది, రెండోది లాగితే బండి నెమ్మదిగా, కానీ మొండిగా ఎక్కేది. అసలు ఈ ఖరీదైన బండ్లన్నిటికీ ముత్తాత ఆ జీపే. దాని కథ కొంచెం చెప్పుకోవాలి.

1940లో యుద్ధం ముంచుకొస్తుంటే అమెరికా సైన్యం ఒక చిన్న, తేలికపాటి, నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని కంపెనీల్ని అడిగింది. నమూనా బండి 49 రోజుల్లో తయారుచేసి చూపించాలని షరతు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరుని పిలిపించి గీయించి, గడువులోపే సెప్టెంబరులో బండిని సైన్యం ముందు నిలబెట్టింది. (గడువుల మధ్య బతికే మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఈయన ఫొటో పెట్టుకుని పూజించాలి.) కష్టం బాంటమ్‌ది, ఫలితం మాత్రం పెద్దవాళ్ళది. అంత పెద్ద ఎత్తున తయారుచేసే తాహతు బాంటమ్‌కి లేదని ఆర్డర్లలో సింహభాగం విల్లీస్‌కీ, ఫోర్డ్‌కీ ఇచ్చేశారు. యుద్ధం అయ్యేసరికి ఆ రెండూ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు తయారుచేశాయి.

మన దేశంలోకి అది వచ్చిన తీరు కూడా విచిత్రమే. 1945లో మహీంద్రా అన్నదమ్ములు, మలిక్ గులాం మొహమ్మద్ కలిసి "మహీంద్రా అండ్ మొహమ్మద్" అని కంపెనీ పెట్టారు. దేశం రెండయింది. మొహమ్మద్ గారు పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశానికి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ కూడా అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు "మహీంద్రా అండ్ మహీంద్రా"గా మారింది, పొడి అక్షరాలు మార్చుకునే పని కూడా లేకపోయింది. విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఈ కంపెనీయే. అదే కాలంలో ఇంగ్లండులో రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో తిప్పుకుంటున్న పాత విల్లీస్ జీపుని చూసి ల్యాండ్ రోవర్‌కి రూపం ఇచ్చాడు (1948). జపాన్‌లో టయోటా 1951లో తన జీపు తయారుచేసింది, తర్వాత దానికే ల్యాండ్ క్రూజర్ అని పేరు పెట్టింది. 1970లో రేంజ్ రోవర్ వచ్చాక ఈ జాతికి షోకు అంటుకుంది. అదే ల్యాండ్ రోవర్‌ని 2008లో మన టాటాలు కొనేశారు. అంటే పొలంలో పనిచేసిన జీపు మనవడు అరవై ఏళ్ళు తిరిగేసరికి దొరబాబు అయిపోయాడన్నమాట.

బండి కథ ఇది. మరి దారి కథో? నా ఉద్దేశంలో అదే అసలు కథ.

పాల్వంచ దాటాక పెద్దమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాం. ఈ పాల్వంచ పరగణాకే తానీషా కాలంలో కంచర్ల గోపన్న తహశీల్దారు. ఆయన గుడి కట్టడం, గోల్కొండలో చెర, అందరికీ తెలిసిందే. ఆయన కాలం నుంచి మొన్నమొన్నటిదాకా భద్రాచలం చేరాలంటే ఈ ఒడ్డున నడకో, బండో, తర్వాత పడవో. కొత్తగూడెంలో ఉన్న రైల్వే స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. ఆ పేరు చూసి దిగిపోయిన భక్తుడికి రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల గోదావరి ఒడ్డునే ఉంటాడు.

గోదావరి మీద వంతెన ఎందుకంత ఆలస్యమయింది? నది వెడల్పు ఒక కారణం కావచ్చు. కానీ అది సరిహద్దు నది అని చాలామందికి గుర్తుండదు. 1860 ఒప్పందంలో నిజాం ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి వగైరా తాలూకాల్ని ఇంగ్లీషు వాళ్ళకి వదులుకున్నాడు. అవి కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి ఒడ్డు నిజాందే. రాముడు ఇంగ్లీషు వాళ్ళ దగ్గర, గోపన్న పుట్టిన నేలకొండపల్లి నిజాం దగ్గర!

ఇంగ్లీషు వాళ్ళకి ఆ ఒడ్డు మీద మోజు రాముడి వల్ల కాదు, పత్తి వల్ల. బేరారు పత్తిని గోదావరి మీదుగా పడవల్లో సముద్రం దాకా దించాలని కాటన్ దొర పథకం. నదికి అడ్డంగా రాతి బండలున్న చోట ఆనకట్ట, లాకులు కట్టి పడవని ఎక్కించి దించాలి. భద్రాచలానికి పైన దుమ్ముగూడెంలో హేగ్ అనే ఇంజనీరు చేయించిన పని అదే. డబ్బు కుమ్మరించి, 1871లో లాభం లేదని ఆపేశారు. ఆ ఆనకట్ట ఇప్పటికీ అక్కడుంది.

నీటి దారి పోయాక అడివిలోకి నేల దారులు వేశారు. ఎవరి కోసం వేశారు అన్నది ఈ వ్యాసంలో ఒకే ఒక్క ప్రశ్న అనుకోండి. కలప బయటికి రావాలి, పోలీసు లోపలికి పోవాలి. 1879లో రంపలో మొదలైన తిరుగుబాటు రేకపల్లి దాకా పాకింది, అక్కడి జనం కోపమంతా పోడు మీద పెట్టిన ఆంక్షల మీద, పన్నుల మీద. 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకి ఒక కారణం సాక్షాత్తూ రోడ్డే. నర్సీపట్నం - చింతపల్లి రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత కూలి సరిగ్గా ఇవ్వకుండా వెట్టి చేయించాడు. రోడ్డు అంటే అభివృద్ధి అని మనకి బళ్ళో చెప్పారు. ఆ రోడ్డుకి మట్టి మోసినవాడికి మాత్రం అది కొరడా దెబ్బ లాంటిదే. 1940 ప్రాంతంలో హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం రాశాడు (1945). కలప వ్యాపారుల అప్పుల్లో చిక్కుకుని వాళ్ళ చేతుల్లో కూలీలైపోయిన మనుషుల్ని చూసి రాసిన పుస్తకం అది.

1956లో రాష్ట్రం ఒకటయ్యింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకి మారాయి. రెండు ఒడ్లూ ఒక జిల్లా అయ్యాక వంతెన రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. 1965లో రాష్ట్రపతి రాధాకృష్ణన్ దాన్ని ప్రారంభించారు. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకి లేచినప్పుడు కూడా ఆ వంతెన నిలబడింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే అది ఎంత వరదో ఊహించుకోండి.

వంతెనతో పాటే జీపులూ వచ్చాయి. ఏజెన్సీలో జీపు అంటే సర్కారు. అటవీ శాఖ జీపు, పోలీసు జీపు, రెవెన్యూ జీపు. ఇంజను చప్పుడు వినపడగానే మనుషులు అడివిలోకి వెళ్ళిపోయే ఊళ్ళుండేవి. తొంభైల్లో అదే జీపు షేరు బండిగా మారి, లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు, పైన మేకలతో సంతలకి తిరిగింది. జీపు మొత్తం చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఎనభైల్లో మా నాన్న దుమ్ముగూడెం అవతల ఒక ఊళ్ళో టీచరు. వానాకాలంలో మా అమ్మకి నొప్పులొస్తే ఒక ఆఫీసు జీపు వాగు దాటించి భద్రాచలం చేర్చింది. మా చెల్లి క్షేమంగా పుట్టింది. మా ఇంట్లో ఇప్పటికీ జీపు పేరెత్తితే అమ్మ దణ్ణం పెడుతుంది. నాన్న చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు, అదే నెలలో అదే ఊళ్ళో ఒక కోయ ఆవిడ కోసం అదే జీపుని అడిగితే డీజిలు లేదన్నారట. మంచానికి తాళ్ళు కట్టి మోసుకెళ్ళారు. ఆవిడ తిరిగి రాలేదు. జీపుకి అన్ని నేలలూ ఒక్కటే. ఎవరి కోసం కదలాలో చెప్పే మీట మాత్రం దాని చేతిలో లేదు.

సరే, మళ్ళీ మన ప్రయాణానికి. దర్శనం అయ్యాక ఊరు దాటామో లేదో ఆంధ్రప్రదేశ్ బోర్డు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్ళు అటు వెళ్ళాయి, భద్రాచలం పట్టణం ఇటు మిగిలింది. నది మీద చెరిగిపోయిన గీత ఊరి చుట్టూ మళ్ళీ పడిందన్నమాట. చర్ల రోడ్డు మీద కొంత దూరం పోయి, ఛత్తీస్‌గఢ్ వైపు ఒక మట్టి దారిలోకి తిప్పాను. ఇప్పచెట్లు. అద్దం దించితే గానీ ఆ వాసన తెలియలేదు.

రెండు కిలోమీటర్లు పోయామో లేదో ఒక వాగు. మోకాలి లోతు నీళ్ళు. నేను ఉత్సాహంగా మీటని బురద బొమ్మ దగ్గరికి తిప్పాను. బామ్మర్ది నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బావా. అవతల ముళ్ళ పొదలు, గీతలు పడతయ్. పెయింటుకే లక్ష అయితది."

మేం ఆలోచిస్తుండగానే ఒక కుర్రాడు పాత మోటార్ సైకిలు మీద, వెనక భార్య, ఆవిడ ఒళ్ళో పసిబిడ్డ, కాళ్ళు పైకెత్తుకుని వాగు దాటి వచ్చాడు. సబ్‌సెంటరులో టీకా వేయించాలట. వానాకాలంలో ఎట్లా అని అడిగాను. "మంచం ఉన్నది గద సార్" అన్నాడు నవ్వి. 2005లో 108 వచ్చింది, నిజమే, ఎందరినో బతికించింది. కానీ అది ఆగేది కూడా ఈ వాగు ఇవతలే.

ఇలాంటి ఊళ్ళకి రోడ్డు ఎందుకు లేదంటే, అది రిజర్వు ఫారెస్టు, అనుమతి రావాలి అంటారు. 2006 అటవీ హక్కుల చట్టంలో దీనికి దారి ఉంది. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా, రోడ్డుకీ బడికీ ఆసుపత్రికీ ఇవ్వొచ్చు. గ్రానైట్ లారీకి, కలప లారీకి దారులు పడిన జిల్లాలో ఆ ఒక్క హెక్టారు దగ్గర మాత్రం ఫైలు ఆగుతుంది.

అడివిలో ఎక్కడపడితే అక్కడ తారు పొయ్యమని నేను అనట్లేదు. రోడ్డు వెంట ఎవరెవరు లోపలికి వస్తారో వందేళ్ళ చరిత్ర చెప్పింది కదా. అడగాల్సింది ఆ ఊరివాళ్ళు, నిర్ణయించాల్సింది వాళ్ళ గ్రామసభ. వాళ్ళు అడిగిన చోటయినా ఒక కల్వర్టు పడాలి కదా అన్నదే నా గోల.

బండి ఎట్లుందని బామ్మర్ది తిరుగు దారిలో మళ్ళీ అడిగాడు. బావుంది అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే చాలా బావుంది. వాగు ఒడ్డున వెనక కెమెరా చూసుకుంటూ, ఒక్క గీత కూడా పడకుండా, ఒక్కసారికే తిప్పేశాను.